మైక్రోస్కోప్ ముందు కుర్చీ మా స్కాలర్లకూ ఇవ్వండి

ఉమ్మడి పరిశోధన పరికరాల కేంద్రాల డైరెక్టర్లకు, వాటికి నిధులిచ్చే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం అధికారులకు,

నమస్కారం.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మెటీరియల్స్ సైన్స్ చెబుతాను. పీహెచ్‌డీ స్కాలర్లకు గైడ్‌ని. మా విభాగంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లేదు. కోట్ల రూపాయల పరికరాన్ని ప్రతి విభాగానికీ కొనివ్వమని అడగడం న్యాయం కాదని నాకు తెలుసు. ఉమ్మడి కేంద్రాలు పుట్టిందే అందుకు. మీరు లేకపోతే మా పిల్లల థీసిస్‌లలో ఒక్క సెమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) బొమ్మ కూడా ఉండేది కాదు. ఆ కృతజ్ఞతతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడిగేది ఒకటే. మీ దగ్గరికి వచ్చే పరిశోధక విద్యార్థికి శాంపిల్ ఇచ్చి ఫొటోలు తీసుకెళ్లే దారి ఎలాగూ ఉంది. దానితో పాటు పరికరాన్ని తనే నడిపే శిక్షణ ఇవ్వండి, పరీక్ష పెట్టండి, నెగ్గినవాళ్లను సొంతంగా కూర్చుని పనిచేసుకోనివ్వండి.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి మీకు తెలియంది కాదు. కానీ అవతలి వైపు నుంచి అది ఎలా ఉంటుందో ఒకసారి చెప్పనివ్వండి. ఫారం నింపి, గైడ్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం పెట్టించి, ఫీజు కట్టి స్లాట్ కోసం ఎదురుచూడాలి. స్లాట్ వచ్చాక కొన్ని చోట్ల శాంపిల్ కొరియర్ చేస్తే చాలు, ఫొటోలు మెయిల్‌లో వచ్చేస్తాయి. కొన్ని చోట్ల మనిషి వెళ్లొచ్చు. వెళ్లే అమ్మాయి రాత్రి బస్సెక్కి, తెల్లవారేసరికి ఊళ్లో దిగి, పది గంటలకల్లా ల్యాబ్ గుమ్మం ముందు ఉంటుంది. బ్యాగులో చిన్న ప్లాస్టిక్ ఎపెన్‌డార్ఫ్ ట్యూబులు, ఒక్కో దాంట్లో చిటికెడు పొడి, మూతల మీద మార్కర్‌తో రాసిన కోడ్‌లు. లోపల ఒక్కో శాంపిల్‌కి ఇన్ని నిమిషాలని లెక్క. ఆపరేటర్ స్టేజ్‌ని (శాంపిల్ పెట్టే పీటని) జరుపుతూ, బాగున్నట్టు కనిపించిన చోట ఆగి, నాలుగు మాగ్నిఫికేషన్లలో ఫొటోలు తీసి, ఒక చోట ఈడీఎస్ (ఏ మూలకాలు ఎంత ఉన్నాయో ఎక్స్-రేలతో చెప్పే పరీక్ష) పెట్టి, తర్వాతి శాంపిల్ ఎక్కిస్తారు. వెనక నిలబడిన అమ్మాయికి తెర మీద ఎడమ మూలన వేరే ఆకారం ఏదో కనబడుతుంది. ‘సార్, ఒక్కసారి అటు వెళ్దామా’ అన్న మాట నోటిదాకా వస్తుంది. బయట ఇంకా ముగ్గురు వెయిటింగ్. అడగకుండానే స్లాట్ అయిపోతుంది.

ఆపరేటర్లను నేను తప్పు పట్టడం లేదు. పొద్దున ఎవరిదో జింక్ ఆక్సైడ్ పొడి, తర్వాత విరిగిన ఉక్కు ముక్క, మధ్యాహ్నం ఒక ఆకు, సాయంత్రం ఏదో మందు గుళిక. ఇన్నిటి వెనక ఉన్న ప్రశ్నలన్నీ ఒక్క మనిషికి తెలిసే వీలు లేదు. ఆయన చేయగలిగింది అందంగా ఉన్న చోటు వెతికి, స్పష్టమైన ఫొటో తీసివ్వడం. అది ఆయన నిజాయితీగా చేస్తున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. చిటికెడు పొడిలో లెక్కలేనన్ని రేణువులు ఉంటాయి. ఫొటోలో పడేవి ఓ వంద. ఆ వంద ఏవి కావాలో తేల్చుకోవడం పరిశోధనలో భాగం. నెలల తరబడి ఫర్నేస్ దగ్గర కూర్చుని ఆ పొడిని తయారుచేసిన మనిషికే ఏది మామూలు, ఏది వింత అన్నది తెలుస్తుంది. విఫలమైన ముద్దలు కూడా ఆమె చూడాలి. అసలు కబురు చాలాసార్లు ఆ ముద్దల్లోనే ఉంటుంది.

సెమ్ ముందు మొదటిసారి కూర్చున్నవాళ్లకు ఏం నేర్పుతారో ఒక్కటి చెబుతాను, ఈ ఉత్తరం పరికరం ఎరగని పాఠకులు కూడా చదువుతారు కనుక. కార్బన్ మీద బంగారు రేణువులు పరిచిన ప్రామాణిక శాంపిల్ ఒకటి ఉంటుంది. దాన్ని లోపల పెట్టి ఫోకస్ నాబ్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పమంటారు. ఫోకస్‌కి ఇవతల ఉన్నప్పుడు రేణువులన్నీ ఒక దిక్కుకి సాగినట్టు కనిపిస్తాయి. అవతలికి దాటితే సరిగ్గా దానికి అడ్డంగా సాగుతాయి. ఆ రెంటికీ నడుమ ఆగి, ఎక్స్ స్టిగ్మేటర్ (ఎలక్ట్రాన్ కిరణంలోని వంకర సరిచేసే నాబ్) కాస్త తిప్పి, మళ్లీ ఫోకస్ చూసుకుని, వై స్టిగ్మేటర్ తిప్పి, మళ్లీ ఫోకస్. కాసేపు ఏమీ కుదరదు. మసకలోంచి ఇంకో మసకలోకి పోతున్నట్టే ఉంటుంది. ఉన్నట్టుండి అంచులు తేటపడి రేణువులు గుండ్రంగా నిలబడతాయి. ఇది చేత్తో నేర్చుకున్న అమ్మాయి ఆ తర్వాత ఏ పేపర్లో ‘నానోరాడ్స్’ అని చూపిన బొమ్మ చూసినా, రాడ్‌లన్నీ ఒకే దిక్కుకి సాగి ఉంటే, ముందు స్టిగ్మేషన్ సరిచేశారా అని అడుగుతుంది. ఈ ప్రశ్న పుస్తకం చదివితే పుట్టదు. చేయి తిరిగాకే పుడుతుంది.

బంగారం పూత సంగతీ అంతే. కరెంటు ప్రవహించని శాంపిల్ మీద ఎలక్ట్రాన్లు పేరుకుపోతాయి. బొమ్మ తెల్లగా మెరుస్తుంది, అడ్డగీతలు పడతాయి, చూస్తుండగానే పక్కకి జారిపోతుంది. ఛార్జింగ్ అంటాం దీన్ని. విరుగుడుగా పైన కొన్ని నానోమీటర్ల మందాన బంగారం పూస్తారు. లక్ష రెట్లు పెంచి చూసినప్పుడు ఆ పూతే చిన్న చిన్న గింజల్లా కనిపిస్తుంది. కోటింగ్ ఎవరు వేశారో, ఎంతసేపు వేశారో తెలియని విద్యార్థి ఆ గింజలనే స్కేల్ పెట్టి కొలిచి, ‘మా నానోకణాల సగటు సైజు ఇంత’ అని రాసే ప్రమాదం ఉంది. వైవాలో ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే ఆ గదిలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తనే కూర్చుని ఉంటే ఎలక్ట్రాన్లను తోసే వోల్టేజ్‌ని 15 కేవీ (కిలోవోల్టులు) నుంచి 2 కేవీకి దించి, పూత లేకుండానే చూసే దారి ఒకటి ఉందని తెలిసేది. రెండు రకాలుగానూ చూసి పోల్చుకునేది.

ఈడీఎస్ గురించి చెప్పకుండా ఉండలేను. మాలిబ్డినం డైసల్ఫైడ్ మీద మన దేశంలో ఎన్ని ల్యాబులు పనిచేస్తున్నాయో మీకు తెలుసు. ఒక్కో మూలకం ఇచ్చే ఎక్స్-రే రేఖల శక్తిని బట్టే ఈడీఎస్ దాన్ని గుర్తుపడుతుంది. గంధకం కె-ఆల్ఫా రేఖ 2.31 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర వస్తుంది, మాలిబ్డినం ఎల్-ఆల్ఫా 2.29 దగ్గర. ఇంత దగ్గరగా ఉన్న రెంటినీ ఈడీఎస్ డిటెక్టర్ విడదీసి చూపలేదు, ఒకే గుట్టగా చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం రెండు మూలకాల శాతాలూ దశాంశ స్థానాలతో సహా ఇచ్చేస్తుంది. 17.5 కేఈవీ దగ్గర మాలిబ్డినం కె రేఖ విడిగా ఉంటుంది గానీ, అది రావాలంటే బీమ్‌ని 20 కేవీ దాటించాలి. బేరియం టైటనేట్‌లోనూ ఇదే గొడవ: బేరియం 4.47, టైటానియం 4.51. పైగా వోల్టేజ్ పెంచిన కొద్దీ ఎలక్ట్రాన్లు లోపలికి దిగిపోతాయి. 50 నానోమీటర్ల కణం మీద గురి పెట్టామనుకుంటాం, సిగ్నల్‌లో ఎక్కువ భాగం కింద ఉన్న సిలికాన్ ముక్కదో కార్బన్ టేప్‌దో అవుతుంది. ఎంత వోల్టేజ్ పెట్టాలి, ఏ రేఖని నమ్మాలి అన్న నిర్ణయం ఎవరిది? శాంపిల్‌లో ఏముండాలో తెలిసిన మనిషిది. ఆ మనిషి గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటే నిర్ణయం యంత్రంలో ముందే పెట్టి ఉన్న సెట్టింగ్‌ది అయిపోతుంది.

ఇది ఒక్క మన రాష్ట్రాల బాధ కాదు. సెమ్ బొమ్మల కింద ఉండే సమాచార పట్టీని, పేపర్లో రాసిన పరికరం పేరుని పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 2024లో బయటికొచ్చింది. ప్రపంచవ్యాప్తంగా వచ్చిన పదకొండు వేలకు పైగా మెటీరియల్స్ పేపర్లను అందులో పరిశీలించారు. దాదాపు ఐదో వంతు పేపర్లలో రచయితలు రాసిన కంపెనీ లేదా మోడల్ ఒకటి, బొమ్మ తీసిన యంత్రం మరొకటి. వీటిలో దొంగ పేపర్లు ఎన్నో నేను చెప్పలేను. కానీ నిజాయితీగా పనిచేసినవాళ్లు కూడా ఇందులో పడటానికి కారణం మాత్రం నాకు కనబడుతూనే ఉంది. బొమ్మ ఏ యంత్రం మీద తీశారో చూడనివాళ్లు, పాత థీసిస్‌లోని ప్రయోగ విధానం పేరాని కాపీ చేసి పెడతారు. యంత్రం ముందు కూర్చుని, లాగ్‌బుక్‌లో తన పేరు, వోల్టేజ్, వర్కింగ్ డిస్టెన్స్ రాసి సంతకం పెట్టిన మనిషి దాని పేరు తప్పు రాయదు.

అమెరికాకో ఐరోపాకో ఆస్ట్రేలియాకో వెళ్లిన మన తెలుగు పిల్లలను అడగండి. ఇక్కడ ఎమ్మెస్సీ వరకు సెమ్‌ని గాజు కిటికీలోంచి తప్ప చూడని విద్యార్థులు అక్కడ చేరిన కొన్ని నెలలకే సొంతంగా నడుపుతున్నారు. వాళ్లేమీ రాత్రికి రాత్రి మారిపోలేదు. అక్కడి ఉమ్మడి కేంద్రాల్లో దారి వేసి ఉంది. ముందు భద్రత పాఠం, పరికరం ఎలా పనిచేస్తుందో చదువుకోవడం. తర్వాత సిబ్బంది చేసి చూపిస్తారు. ఆపైన సిబ్బంది పక్కనుండగా విద్యార్థి తన శాంపిల్ మీదే చేస్తుంది. చివర్న ఒక పరీక్ష: శాంపిల్ ఎక్కించడం దగ్గర్నుంచి దించి, వాక్యూమ్ చూసి, గదికి తాళం వేసే వరకు సిబ్బంది నోరు మెదపకుండా చూస్తూ ఉంటారు. నెగ్గితే గది తలుపు తెరిచే కార్డు పనిచేస్తుంది. మొదట ఆఫీసు వేళల్లోనే, అలవాటు పడ్డాక రాత్రులు, సెలవు రోజులు కూడా. కొన్ని నెలలు యంత్రం ముట్టకపోతే మళ్లీ ఒకసారి సిబ్బంది ముందు చేసి చూపాలి. సిబ్బంది సాయంతో అయితే గంటకు ఎక్కువ ఫీజు, సొంతంగా అయితే తక్కువ. ఆస్ట్రేలియాలో ‘మైక్రోస్కోపీ ఆస్ట్రేలియా’ వాళ్లయితే మైస్కోప్ అని ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు పెట్టారు. తెర మీదే నాబ్‌లు తిప్పి చూసే సిమ్యులేటర్ కూడా ఉంది. మా స్కాలర్లతో నేను అది చేయిస్తాను. అసలు యంత్రం దగ్గరికి వెళ్లేసరికి వాళ్లకి అపెర్చర్ అంటే ఏమిటో, వాబ్లర్ ఎందుకో తెలిసే ఉంటుంది. ఇంతా చేసి అక్కడ వాళ్లు చేయగలిగింది వెనక నిలబడటమే.

మన దగ్గర ఈ సంస్కృతి ఎప్పుడూ లేదనుకోవడానికి వీల్లేదు. 1931లో బెర్లిన్‌లో రుస్కా, నోల్ తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చేశారు. 1940లలో కలకత్తాలో ఎన్.ఎన్. దాస్‌గుప్తా బృందం అలాంటి యంత్రాన్ని తమ చేతులతో కట్టింది. విడిభాగాలు దొరకని రోజులవి. నడపడం ఒక్కటే కాదు, వాక్యూమ్ లీకులు మూసుకుంటూ లెన్సులు చుట్టుకుంటూ నేర్చుకున్నారు. యంత్రం కట్టగలిగిన దేశంలో దాన్ని నడపడానికి పీహెచ్‌డీ విద్యార్థిని నమ్మలేకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

మీ భయం నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. అయస్కాంత పొడిని గట్టిగా అతికించకుండా పెడితే అది ఎగిరిపోయి లెన్స్ పోల్ పీస్‌కి (లెన్స్ కింది లోహపు కొసకి) అంటుకుంటుంది. శాంపిల్ ఎత్తు తప్పుగా ఇచ్చి స్టేజ్‌ని పైకి లేపితే పోల్ పీస్‌కి గుద్దుకుంటుంది, దారిలో బ్యాక్‌స్కాటర్ డిటెక్టర్ ఉంటే అదీ పోతుంది. సరిగా ఆరని శాంపిల్ వాక్యూమ్‌లో ఆవిర్లు వదిలి కాలమ్‌ని (ఎలక్ట్రాన్లు దిగివచ్చే గొట్టాన్ని) పాడుచేస్తుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ మూసి ఉన్న గదిలో ఒలికితే దాదాపు 700 రెట్లు వ్యాపించి, ఆక్సిజన్ తగ్గి మనిషి పడిపోవచ్చు. రిపేరు వస్తే ఇంజినీరు రావాలి, విడిభాగం విదేశం నుంచి రావాలి, నెలలు పడుతుంది. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) అయిపోయి ఉంటే ఆ ఖర్చుకి ఫైలు ఎక్కడెక్కడ తిరగాలో, ఆడిట్ వాళ్లు ‘ఎవరు ముట్టుకున్నారు’ అని అడిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో మీకే బాగా తెలుసు. ‘ఆపరేటర్ తప్ప మరెవరూ ముట్టుకోరాదు’ అన్న బోర్డు ఈ టెన్షన్‌లోంచే పుట్టింది.

కానీ పైన చెప్పిన ప్రమాదాల్లో ప్రతి ఒక్కటీ నేర్పితే తప్పించుకోగలిగేదే. అయస్కాంత శాంపిల్ అని ఫారంలో రాయించుకోవడం, పొడిని కార్బన్ టేప్ మీద అద్ది బ్లోయర్‌తో ఊదించడం, ఎత్తు కొలిచే గేజ్ ఇవ్వడం, స్టేజ్ కదిలేటప్పుడు లోపలి కెమెరా చూడటం అలవాటు చేయడం, గదిలో ఆక్సిజన్ మానిటర్ పెట్టడం. ఇవి శిక్షణలో చెప్పేవే. బండికి ముందు ఎల్‌ఎల్‌ఆర్ ఇచ్చి, పక్కన తెలిసినవాళ్లను కూర్చోబెట్టి, ఆనక టెస్టు పెట్టి లైసెన్స్ ఇస్తున్నాం. అదే పద్ధతి ఇక్కడ సరిపోతుంది. అందరినీ తీసుకెళ్లి నేరుగా ఎఫ్‌ఈ సెమ్ (ఫీల్డ్ ఎమిషన్ గన్ ఉన్న, ఇంకా సూక్ష్మంగా చూపే సెమ్) ముందు కూర్చోబెట్టమని నేను అనడం లేదు, 200 కేవీ టెమ్ (ఎలక్ట్రాన్లు శాంపిల్ గుండా దూసుకెళ్లే మైక్రోస్కోప్) సంగతి అసలే అనడం లేదు. మీ దగ్గర టంగ్‌స్టన్ ఫిలమెంట్‌తో నడిచే పాత సెమ్ ఉంటే దాన్ని నేర్పే యంత్రం చేయండి. దాని ఫిలమెంట్ ఎలాగూ వాడేకొద్దీ అరిగిపోయి మార్చాల్సిందే. ఫీల్డ్ ఎమిషన్ గన్‌తో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది. దాని మీద చేయి తిరిగినవాళ్లు ఎఫ్‌ఈ సెమ్‌కి, అక్కడ నమ్మకం సంపాదించినవాళ్లు టెమ్‌కి. టెమ్‌లో కూడా ముందు మామూలు బ్రైట్ ఫీల్డ్ బొమ్మలు, డిఫ్రాక్షన్, ఆపైనే మిగిలినవి. అందరూ చివరి మెట్టు దాకా రారు. మూడేళ్లలో రెండు శాంపిళ్లు చూసుకునే వాళ్లకి ఆపరేటర్ సేవే నయం. అది కొనసాగాలి.

ఎఫ్‌ఈ సెమ్‌ల గురించి మీకు బాగా తెలిసిన మాటే ఒకటి గుర్తుచేస్తాను. షాట్‌కీ రకం ఎలక్ట్రాన్ గన్ ఉన్న యంత్రాన్ని సాయంత్రం ఐదున్నరకి స్విచ్ ఆపి ఇంటికి వెళ్లలేం. గన్ వేడిగా ఉండాలి, అయాన్ పంపులు నడుస్తూ ఉండాలి, ఏసీ, చిల్లర్, యూపీఎస్ అన్నీ ఆన్‌లోనే ఉండాలి. ఎవరూ చూడని రాత్రి కూడా ఆ గన్ ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఒకే ఆపరేటర్ ఉన్న చోట ఆయన సెలవు పెడితే యంత్రానికీ సెలవే. అదే సమయంలో మా స్కాలర్లు స్లాట్ కోసం నెలల తరబడి చూస్తున్నారు. ఫెలోషిప్ గడువు దాటిపోతోంది, రివ్యూయర్ ఇంకో బొమ్మ అడిగితే మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడాలి. ఒక సెంటర్ నుంచి పదిమంది సొంతంగా నడపగలిగినవాళ్లు తయారైతే ఆ సాయంత్రాలు, శనివారాలు వాళ్లవి అవుతాయి. పగటి స్లాట్లు కొత్తవాళ్లకి మిగులుతాయి. కేంద్రానికి ఫీజూ వస్తుంది.

ఇక ఆపరేటర్ల మాట. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద ఉన్నారు. విద్యార్థులు నేర్చుకుంటే తమ అవసరం తీరిపోతుందన్న దిగులు వాళ్లకి ఉంటే అది సహజం. అందుకే ఈ శిక్షణని వాళ్ల చేతిలోనే పెట్టమంటున్నాను. ఎవరికి అనుమతి ఇవ్వాలి, ఎవరిది ఆపాలి అన్న మాట వాళ్లదే కావాలి, డైరెక్టర్ గారి ఫోన్‌తో అది మారకూడదు. నేర్పిన గంటలు వాళ్ల పనిగంటల్లో లెక్కకు రావాలి. జీతంలో, హోదాలో కనబడాలి. రోజుకి ఇన్ని శాంపిళ్లు అన్న లెక్క ఒక్కటే వాళ్ల పనికి కొలత అయినంత కాలం ఏ ఆపరేటరూ ఒక విద్యార్థి మీద రెండు గంటలు ఖర్చుపెట్టలేరు. వాళ్లు కష్టమైన పనులకు, కొత్త పద్ధతులకు సమయం దొరక్క ఎంత నలిగిపోతున్నారో నేను దగ్గర్నుంచి చూశాను. వాళ్లలో మంచి గురువులున్నారు. పరికరం చప్పుడు విని వాక్యూమ్ ఎక్కడ తేడా ఉందో చెప్పగలిగిన మనిషిని నేను ఎరుగుదును. ఆయన రిటైరైతే ఆ విద్య ఎవరికి మిగులుతుంది?

శిక్షణ ఎవరికి అందుతుందన్నది కూడా నాకు ముఖ్యం. హైదరాబాద్‌లో తార్నాక, గచ్చిబౌలి, బాలాపూర్, కంది వైపు ఉన్న పెద్ద సంస్థల్లో చేరిన విద్యార్థికి యంత్రం అదే క్యాంపస్‌లో ఉంటుంది, సీనియర్ పక్కన కూర్చోబెట్టుకుని చెబుతారు. అనంతపురంలోనో శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో చదివే స్కాలర్‌కి ఆ సీనియర్ లేరు. ఈ తేడా వాళ్ల తెలివిలో లేదు, దూరంలో ఉంది. కాబట్టి శిక్షణ సీట్లలో సగమైనా బయటి విశ్వవిద్యాలయాల వాళ్లకి కేటాయించండి. వాళ్లు వచ్చి వారమో పది రోజులో ఉండటానికి హాస్టల్‌లో గది, తక్కువ ఖర్చుతో భోజనం చూపించండి. అమ్మాయిలకు రాత్రి స్లాట్ ఇచ్చినప్పుడు తిరిగి గదికి వెళ్లే దారి, ఆ బ్లాక్‌లో సెక్యూరిటీ, హాస్టల్ గేటు వేళల సడలింపు ముందే ఆలోచించండి. ఇవి లేకపోతే ‘అందరికీ అవకాశం’ అని రాసినా రాత్రి స్లాట్లన్నీ అబ్బాయిలకే పోతాయి.

భాష మాట కూడా చెప్పాలి. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి, కష్టపడి పీహెచ్‌డీ దాకా వచ్చినవాళ్లు మా దగ్గర ఎక్కువమంది. ఇంగ్లిష్‌లో ఉన్న మూడు వందల పేజీల మాన్యువల్ వాళ్లు చదవగలరు, కాదనను. కానీ యంత్రం ముందు భయం వేసినప్పుడు సందేహం సొంత భాషలోనే వస్తుంది. బీమ్ ఆన్‌లో ఉండగా వెంట్ (లోపలికి గాలి వదిలే బటన్) నొక్కితే ఏమవుతుంది, స్టేజ్ ఎందుకు కదలడం లేదు లాంటివి తెలుగులో చిన్న చిన్న వీడియోలుగా చేసి పెట్టండి. ప్రాక్టికల్ పరీక్షలో తెలుగులో జవాబు చెప్పనివ్వండి. వీడియోల పని మీకు భారమైతే మేము చేస్తాం. మా విభాగంలో, మా లాంటి విభాగాల్లో చేతనైనవాళ్లున్నారు. మీరు యంత్రం గదిలోకి కెమెరా రానిస్తే చాలు.

వ్యవస్థ కొత్తగా కట్టాల్సిన పని లేదు. 1970ల నడుమ, అయిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో ప్రాంతీయ పరికరాల కేంద్రాలు మొదలయ్యాయి. అవే ఇవాళ సైఫ్‌లుగా (అధునాతన విశ్లేషణ పరికరాల కేంద్రాలుగా) మద్రాసు, బొంబాయి ఐఐటీల్లో, షిల్లాంగ్‌లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో, ఇంకా చాలా చోట్ల నడుస్తున్నాయి. యంత్రం ఒక చోట, వాడేవాళ్లు దేశమంతా అన్న ఆలోచన అప్పటిది. 2020 జనవరిలో ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చాక ఏ యంత్రం ఎక్కడుందో తెలుసుకుని బుక్ చేసుకోవడం తేలికైంది. 2022లో పరికరాలను పంచుకోవడం, నిర్వహించుకోవడం మీద శ్రీమాన్ మార్గదర్శకాలు వచ్చాయి. స్తుతి పేరుతో వారం రోజుల శిక్షణ శిబిరాలూ నడిపారు. ఆ శిబిరాలు మంచివే. అయితే అలాంటి శిబిరంలో ముప్ఫై మంది ఒక యంత్రం చుట్టూ నిలబడితే ఒక్కొక్కరికి నాబ్ దొరికేది కొద్ది నిమిషాలు. చివర్న సర్టిఫికెట్ వస్తుంది. ఆ సర్టిఫికెట్ చూపిస్తే ఏ కేంద్రమూ యంత్రం ఇవ్వదు. నేను అడుగుతున్నది దాని తర్వాతి మెట్టు. తక్కువ మంది, ఎక్కువ గంటలు, సొంత శాంపిల్, పరీక్ష, అనుమతి.

ఆ అనుమతికి ఒక కేంద్రంలోనే కాకుండా మిగతా చోట్లా విలువ ఉండేలా డీఎస్‌టీ (సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం) చూడాలి. ఐ-స్టెమ్‌లో ప్రతి వాడకందారుకూ ఖాతా ఉంటుంది. ఏ రకం యంత్రం మీద, ఏ మెట్టు వరకు, ఏ కేంద్రంలో నెగ్గారో అక్కడే నమోదు చేస్తే, ఇంకో కేంద్రం వాళ్లు మొత్తం మళ్లీ నేర్పకుండా తమ మోడల్ తేడాలు చూపించి ఒక చిన్న పరీక్షతో సరిపెట్టొచ్చు. కొత్త మైక్రోస్కోప్‌కి నిధులిచ్చే ప్రతి మంజూరు పత్రంలో, యంత్రం పనిచేసిన గంటలతో పాటు సొంతంగా నడపడానికి అనుమతి పొందిన బయటి విద్యార్థుల సంఖ్య కూడా ఏటా చెప్పాలని ఒక షరతు పెట్టండి. దేన్ని లెక్క అడిగితే దాన్నే చేస్తారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. వాటిలో కొన్ని ఈ శిక్షణకి ఇవ్వడానికి మా విశ్వవిద్యాలయాలు ముందుకు రావాలి. మా బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఆ ప్రతిపాదన పెట్టే బాధ్యత నాది.

విద్యార్థి పొరపాటున యంత్రం పాడైతే ఎవరు భరించాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకుందాం, అది తేలకపోతే మిగిలినదేదీ ముందుకు కదలదు. ఫీజులో కొంత భాగాన్ని మరమ్మతు నిధిగా పక్కన పెట్టండి. నియమం ప్రకారం చేస్తూ జరిగిన దానికి విద్యార్థినిగానీ ఆపరేటర్‌నిగానీ బాధ్యుల్ని చేయబోమని రాతపూర్వకంగా చెప్పండి. దాచిపెడితే మాత్రం అనుమతి రద్దు. ఏదైనా తేడా జరిగినప్పుడు వెంటనే వచ్చి చెప్పే ధైర్యం ఉన్న చోటే యంత్రాలు ఎక్కువ కాలం బతుకుతాయి. గైడ్‌లుగా మా వంతు కూడా ఉంది. సిద్ధంగా లేని విద్యార్థిని సిఫారసు చేసి పంపకూడదు. శాంపిల్ సరిగా ఆరబెట్టించి, అందులో ఏముందో నిజం రాయించి పంపాలి. ఆ సంతకం మాది కనుక తప్పు జరిగితే మా విభాగాన్ని కొంతకాలం ఆపినా మేము ఒప్పుకుంటాం.

వచ్చే జనవరి సెమిస్టర్ నుంచి మొదలుపెట్టడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక పాత సెమ్, వారంలో రెండు మధ్యాహ్నాలు, నేర్పడానికి ఇష్టపడే ఒక ఆపరేటర్, నలుగురు విద్యార్థులు. మీ బుకింగ్ ఫారంలో ‘ఆపరేటర్ సాయంతో’ అన్న గడి కింద ‘శిక్షణ కోసం’, ‘స్వయంగా’ అని మరో రెండు గడులు చేర్చండి. మా దగ్గర ఇద్దరు స్కాలర్లు మైస్కోప్ పాఠాలు పూర్తిచేసి, తమ శాంపిళ్లకి ఏ వోల్టేజ్ ఎందుకు కావాలో రాసుకుని సిద్ధంగా ఉన్నారు. తేదీ చెబితే పంపిస్తాను.

ఇట్లు,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ మెటీరియల్స్ సైన్స్ అధ్యాపకురాలు